పెళ్లికూతురి తల్లి జగ్రూతా

పొద్దున్నే బల్ల మీద ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్ గిన్నె, వేడి టామియా వడలు, ముల్లంగి ఊరగాయ పెట్టి, ఇన్సాఫ్ మాత్రం రొట్టెముక్కను టీలో నానబెట్టుకుని బోసినోటి ముసలమ్మలా చప్పరిస్తోంది. ఎదురుగా కూర్చున్న కూతురు నెస్మాకి అది చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. గురువారం నికా పెట్టుకుని, తల్లి రోజూ ఇదే వరస.

“మళ్లీ అలకేనా అమ్మా? చావింటికి వచ్చినట్టు ఆ మొహమేంటి?”

“అలకా లేదు, గిలకా లేదు. మీ నాన్న గురకకి నిద్రలేక తల పగిలిపోతోంది.”

“అన్నిటికీ నా గురకే దొరికింది,” అన్నాడు శుక్రీ టామియా కొరుకుతూ. “పెళ్లయినప్పటి నుంచీ ఉన్న గురకే కదా, ఇవాళ కొత్తగా వచ్చిందా?”

ఇన్సాఫ్ చెంప మీద చెయ్యేసుకుని కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

పెళ్లికొడుకు వాయిల్, మంచాలకూ సోఫాలకూ పూలు చెక్కే పనివాడు. చెక్కసామాన్లకు పేరుపడ్డ ఈజిప్టు ఊరు దమియెట్టాలో అది గౌరవమైన పనే. కాని భార్య పోయినవాడు, చిన్నపాప ఉన్నవాడు. నెస్మా అతన్నే చేసుకుంటానన్న రోజున ఇన్సాఫ్ ఇల్లు పీకి పందిరేసింది. “ఆ పెళ్లికి నా నోట జగ్రూతా రాదు, రాసిపెట్టుకో” అని వీధి వీధంతా వినేలా అరిచింది. ఆ తర్వాత ఆ పాప ఒకసారి వచ్చి తన ఒళ్లోనే నిద్రపోయేసరికి మెత్తబడి, సరేనంది. అన్న మాట మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

ఫాతిహా చదివి సంబంధం ఖాయం చేసుకున్న సాయంత్రం అందరూ ఇన్సాఫ్ వైపే చూశారు. జగ్రూతా అంటే నాలుక గలగలా ఆడిస్తూ ఆడవాళ్లు తీసే శుభకూత, మొదటిది పెళ్లికూతురి తల్లే తీయాలి. ఇన్సాఫ్ చెంప పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పెళ్లికొడుకు తల్లి ఫత్హియా అది చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదావిడ.

బల్ల మీద గిన్నెలు ఇంకా తీయకముందే తలుపు చప్పుడైంది. ఫత్హియా వచ్చి చెప్పులు విడిచి, ఇచ్చిన టీ ముట్టుకోకుండా కూర్చుంది.

“వదినగారూ, సూటిగా అడుగుతాను. మీకు మా వాడు నచ్చలేదు కదూ?”

“అయ్యో, అదేం మాట వదినా.”

“మరి ఆ రోజు మీ నోరేమైంది? తల్లి మనస్ఫూర్తిగా ఇవ్వని పిల్లని నా గడప దాటించుకోను. ఒకసారి చావు చూసిన ఇల్లు మాది. ఇంకో చెడు శకునం నాకొద్దు. గురువారం వద్దంటే ఇప్పుడే చెప్పండి.”

నెస్మా లేచి తల్లి ముందు నిలబడింది. “చెప్పమ్మా. ఇష్టం లేదని చెప్పెయ్యి. లేదా ఇప్పుడే, ఇక్కడే ఒక్క జగ్రూతా తియ్యి. నా కోసం ఒక్కటి.”

ఇన్సాఫ్ కూతురి వంక చూసింది. కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని నోరు బార్లా తెరిచింది. చెవి పక్కన టక్కుమంది. కూత రాలేదు, నోరు మూతపడలేదు. తెరిచిన నోటితో, కారిపోతున్న కన్నీళ్లతో ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది.

శుక్రీ కారు తీశాడు. వెనక సీట్లో ఇన్సాఫ్ తలను తన భుజానికి ఆనించుకున్నది ఫత్హియాయే.

పళ్ల డాక్టరు ఇర్మీన్ ఇన్సాఫ్‌ని చూడగానే గుర్తుపట్టింది. బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుని, కింది దవడపళ్ల మీద పెట్టి, దవడను కిందికి నొక్కి వెనక్కి నెట్టింది. కీలు చోటికి చేరింది.

“నోరు పెద్దగా తెరవొద్దని పోయిన నెలే చెప్పాను కదండీ,” అంది కోపంగా. “కీలులో మెత్తటి బిళ్ల జారింది, రాత్రుళ్లు పళ్లు బిగబట్టడం వల్ల ఇంకా ముదిరింది అన్నాను. కొలతలిచ్చి వెళ్లారు, పళ్లకు తొడుగు చేసి ఉంచాను. తీసుకెళ్లడానికి రానేలేదు.”

“పోయిన నెలా?” అంది నెస్మా. “మాకెందుకు చెప్పలేదమ్మా?”

ఇన్సాఫ్ దవడ పట్టుకుని చిన్నగా మాట్లాడింది. “ఏమని చెప్పను? నా నోట జగ్రూతా రాదని నేనే అన్నాను. దేవుడు నా మాటే నాకు అంటగట్టాడు అనుకున్నాను. శాపం తగిలిన తల్లి అంటే నీ పెళ్లి ఆగిపోతుందేమోనని పళ్లు బిగబట్టుకుని పడున్నాను.”

“అందుకే కీలు పాడైంది,” అంది డాక్టరు. “దేవుడికి మీ దవడ తప్ప వేరే పని లేదా? రాత్రి తొడుగు పెట్టుకోండి. నోరు రెండు వేళ్లకు మించి తెరవకండి. ఆవులించినా సరే, గడ్డం కింద చెయ్యి ఆనించుకోండి.”

నెస్మా, తల్లి ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఫత్హియా గోడకేసి తిరిగి ముక్కు తుడుచుకుంది. “పాపిష్టి నోరు నాది,” అని గొణిగింది.

గురువారం సంతకాలయ్యాయి. గది నిండా ఆడవాళ్లు, అందరి చూపూ ఇన్సాఫ్ మీదే. ఇన్సాఫ్ కూతురి పక్కన నిలబడి పెదవులు తడుపుకుంది. అప్పుడు నెస్మా, గోరింట పండిన తన అరచేతిని తల్లి గడ్డం కింద పెట్టి, బరువంతా మోస్తున్నట్టు ఆనించి పట్టుకుంది.

రెండు వేళ్లంత తెరుచుకున్న ఆ నోట్లోంచి సన్నని జగ్రూతా వచ్చింది. పిచ్చుక కూతంత. సగంలోనే తెగిపోయింది.

అది తెగిన చోటే ఫత్హియా గొంతు అందుకుంది. ఇన్సాఫ్ కళ్లలోకే చూస్తూ, మిగిలిన సగం ఆవిడే పూర్తి చేసింది.