ఆరు ముక్కల సముద్రం

“దీదీ, ఇది మీకిస్తే ముక్కలు చేసేత్తారంట. నిజమేనా?”

సింధూరి కంప్యూటర్ మీంచి తలెత్తింది. గుమ్మంలో ఓ యువకుడు. జుట్టు ఇంకా తడిగానే ఉంది. హార్డ్‌డిస్క్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకున్నాడు.

పోర్ట్‌బ్లెయిర్‌లోని ఆ సముద్ర పరిశోధన కేంద్రంలో ఆమె కొత్తగా చేరింది. డైవర్లు తీసిన వీడియోలు ఎప్పటికీ పోకుండా దాచే ఏర్పాటు చేయడం ఆమె పని. వచ్చినవాడు శివాజీ, ఆ డైవర్లలో ఒకడు.

“నిజమే. ముందు నాలుగు ముక్కలు చేస్తాం. ఆ నాలుగింటి నుంచి లెక్కగట్టి ఇంకో రెండు తయారుచేస్తాం. ఆరింటినీ ఆరు సర్వర్లలో పెడతాం. ఏ రెండు పోయినా, మిగిలిన నాలుగింటితో మొత్తం వీడియో తిరిగొస్తుంది. ఇరేజర్ కోడింగ్ అంటారు.”

“పేరులోనే ఇరేజర్ ఉంది. చెరిపేసేదాన్ని నమ్మమంటారేటి?”

సింధూరికి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. “చెరిగిపోయినదాన్ని తిరిగి రాసేది బాబూ!”

“రెండు కాపీలు పెట్టేత్తే సరిపోదా? సీదా పని.”

“ఆ రెండూ పోతే?”

అతని ముఖంలో అల్లరి మాయమైంది. “పోతాయి,” అన్నాడు మెల్లగా. “నాకు తెలుసు.”

కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు. సునామీ నాటికి అతనికి ఎనిమిదేళ్లు. తల్లి కామమ్మ ఆ కెరటంలో కొట్టుకుపోయింది. ఆమెవి రెండే ఫొటోలు. ఒకటి వాళ్లింట్లో, ఇంకొకటి పెద్దమ్మగారింట్లో.

“రెండిళ్లకీ గోడ ఒకటే దీదీ. రెండూ పోనాయి. నేల కుంగిపోనాది కదా, ఇల్లున్న సోట సముద్రం ఉండిపోనాది. ఏటా దిగి సూసొత్తుంటాను. మా గడప మీద పగడాలు మొలిసినాయి.”

ఆమె డిస్క్ పెట్టి చూసింది. తెర నిండా నీలం. ఆ నీలంలో ఓ రాతి గడప, దాని మీద గులాబీరంగు పగడపు కొమ్మలు. చిన్న చేపలు, ఇంట్లోవాళ్లలా, గడప దాటి లోపలికి వెళ్లి వస్తున్నాయి. కిటికీ బయట వాన మొదలైన సంగతి ఇద్దరికీ తెలియలేదు.

అతను వెళ్లాక కూడా ‘గోడ ఒకటే’ అన్న మాట ఆమెని వదల్లేదు. ఆరు సర్వర్లలో మూడు తీరాన ఉన్న ఈ భవనంలోనే ఉన్నాయి, మూడు ఊళ్లోపల గరాచర్మలో ఉన్న ఇంకో భవనంలో. ఒక్కో ముక్క ఒక్కో సర్వర్‌లో ఉండాలని మాత్రమే తను సిస్టమ్‌కి చెప్పింది. భవనాల మాటే చెప్పలేదు. ఒక్క భవనం మునిగితే ఒకేసారి మూడు ముక్కలు పోతాయి. తన ఏర్పాటు తట్టుకునేది రెండే!

మర్నాడే, సర్వర్లకి మూడో చోటు కావాలని పై అధికారితో వాదించింది. తుష్నాబాద్‌లోని చిన్న కేంద్రంలో గది దొరికింది గానీ, బండి దొరకలేదు. శివాజీ ఎవర్నో బతిమాలి జీపు తెచ్చాడు. రెండు భవనాల నుంచీ ఒక్కో సర్వర్ ఎక్కించుకుని బయల్దేరారు.

దారిలో వాన దంచికొట్టింది. టాప్ కారుతుంటే సింధూరి తన రెయిన్‌కోట్ తీసి సర్వర్ల మీద కప్పింది.

“దీదీ, తడిసిపోతన్నారు!”

“ముందు ఆ దీదీ మానెయ్.”

“మరేటని పిలవమంటారు?”

“నాకో పేరుంది.”

“సింధూరి,” అన్నాడతను, గొంతు బాగా తగ్గించి. ఆ తర్వాత తుష్నాబాద్ మలుపు దాటిపోయి చాలా దూరం వెళ్లాక గానీ ఇద్దరూ గమనించలేదు.

ఆమె నియమం మార్చింది: ఏ భవనంలోనూ రెండు ముక్కలకి మించి ఉండకూడదు. ముక్కలు కొత్త చోట్లకి నెమ్మదిగా సర్దుకుంటుంటే, శివాజీ రోజూ సాయంత్రం చాయ్ పట్టుకుని వచ్చేవాడు.

“ఇంకెంత?”

“అయిపోయింది.”

“అరే! అప్పుడేనా?” అన్నాడు దిగులుగా. ఆమె కప్పు చాటున నవ్వుకుంది.

ఆ వర్షాకాలంలో తుఫాను వచ్చింది. సముద్రం తీరంలోని భవనంలోకి చొరబడి అక్కడి రెండు సర్వర్లనీ ముంచేసింది. సంగతి తెలిసి శివాజీ తనుండే బతు బస్తీ నుంచి గరాచర్మ భవనం దాకా మోకాల్లోతు నీళ్లలో వచ్చాడు. సింధూరి అతని గడప వీడియో నొక్కింది.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

నీలం విచ్చుకుంది. గడప, పగడాలు, చేపలు.

“నాలుగు ముక్కలూ సరిపోయాయి,” అందామె.

శివాజీ కళ్లు తుడుచుకున్నాడు. “నాకు సదువు తక్కువ. ఇల్లు కిరాయిది. అయినా అడుగుతున్నాను... మీరంటే నాకు శానా ఇష్టం.”

“మీరా?”

“నువ్వంటే.”

“ఆ మాట మా నాన్నకి చెప్పే ధైర్యముందా?”

సింధూరి తండ్రి పరంధామయ్య రిటైరైన టీచరు. సునామీలో తన విద్యార్థుల్ని పోగొట్టుకున్నప్పటి నుంచీ సముద్రం వైపు వెళ్లని మనిషి. “రోజూ ఆ నీళ్లలో దిగేవాడికి పిల్లనెలా ఇవ్వను బాబూ?” అన్నారు.

శివాజీ వాదించలేదు. “ఒక్కపాలి మా ఇల్లు సూడండి మాస్టారూ. ఆ తరవాత మీ ఇష్టం.”

సముద్రం శాంతించిన ఓ ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. అడుగున గాజుపలక బిగించిన పడవ. మాస్టారు కూతురి భుజం వదల్లేదు. శివాజీ ఓ చోట తెడ్డు ఆపాడు. ఆయన భయంభయంగా కిందికి చూశారు. చాలాసేపు చూశారు. చెయ్యి ఎప్పుడు వదిలారో ఆయనకే తెలియదు.

“ఇదేనా మీ అమ్మగారి ఇల్లు?”

“ఔనండి.”

మాస్టారు కళ్లజోడు తీసి, కండువా సర్దుకుని, నీళ్లకి చేతులు జోడించారు.

“చెల్లెమ్మా, నా పేరు పరంధామయ్య. మాది గరాచర్మ. మా అమ్మాయిని మీ ఇంటి కోడలిగా పంపుదామని వచ్చాను. నీ కొడుకు మంచివాడమ్మా.”

శివాజీ చేతిలో తెడ్డు జారింది. సింధూరి, తండ్రి ఎదుటే, ఆ చేతిని పట్టుకుంది. పరంధామయ్య చూసీ చూడనట్టు మళ్లీ నీళ్లలోకి వంగారు.