వెనుక సీటు బేరం

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

పత్తికొండ నేల మీద ఎండ ప్రళయాగ్నిలా కురుస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు... అయినా ఎక్కడో ఫెళఫెళమని ఉరిమింది! పట్టపగలే కొట్టం దూలం మీద గుడ్లగూబ వికృతంగా కూసింది. కారు తుడుస్తున్న దేవేంద్రప్ప చేతిలోంచి గుడ్డ జారిపోయింది.

యాభైరెండు నాటి కరువు అది. బావి ఎండింది. కాడెద్దులు మేత లేక లేవలేకపోతున్నాయి. అందుకే ఆ నల్ల కారును అమ్మకానికి పెట్టాడు. మూడేళ్ల కిందట అతని చెల్లెలు భీమమ్మ ఆ కారు వెనుక సీటులోనే చనిపోయింది. పురిటినొప్పులతో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతుంటే, వంక దాటే చోట చక్రం బురదలో దిగబడింది. కాన్పు కాకుండానే, కడుపులోని బిడ్డతో సహా కన్ను మూసింది. ఆనాటి నుంచి ఆ సీటులో ఎవరూ కూర్చోలేదు.

కోయిలకుంట్ల వ్యాపారి పుల్లయ్య కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చక్రాలను కాలితో తట్టి, ఇంజను మూత ఎత్తి చూశాడు.

"టైర్లు శానా అరిగినాయప్పా. రెండువేల రెండొందలు."

"రెండున్నర వేలకు తక్కువియ్యలేనన్నా. ఇంజను సప్పుడు ఇను, యాడన్నా తేడా ఉండాదా?"

"సరే, ఇంకో నూరు ఏస్తా..."

"ఒక్క రూపాయి!"

ఇంట్లోంచి మగగొంతు గర్జించింది! ఇద్దరూ అదిరిపడి తిరిగి చూశారు. గడపలో దేవేంద్రప్ప భార్య నాగక్క నిలబడి ఉంది... విరబోసిన కేశాలు... రుధిర వర్ణపు నేత్రాలు... కదలని పెదవుల వెనుక నుంచి ఆ భీకర కంఠం!

"ఒక్క రూపాయికి సోమన్నకు అమ్ము! ఇంకొకడు ఆ కారు ముట్టుకున్యాడంటే ఈ ఆడదాని నెత్తురు తాగుతా!"

పుల్లయ్య చెప్పులు అక్కడే వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు.

అతడు పోయిన వాకిట్లోంచే సోమన్న లోపలికి వచ్చాడు. ఆత్మకూరు అడవుల్లో శ్మశాన సాధన చేసిన క్షుద్రోపాసకుడు! నాలుగు రోజుల కిందట రూపాయికి కారు అడిగితే, దేవేంద్రప్ప వాణ్ణి గెంటించాడు. ఇప్పుడు వాడు జోలెలోంచి కుంకుమ పూసిన కపాలాన్ని తీసి ఇంజను మూత మీద పెట్టాడు.

"ఈ ఇనుము నాకెందుకప్పా? ఎనక సీటులో నీ చెల్లెలు ఉండాది. మూడేండ్లుగా ఆడే కూసోని ఉండాది! కాన్పు గాక సచ్చినదాని ఆత్మ నా సేతికొస్తే ఈ సీమలో నాకు ఎదురే లేదు. తోడబుట్టినోడు పేరు సెప్పి అమ్మితేనే నా మంత్రానికి కట్టుబడతాది. సెప్పు!"

"సచ్చినా సెప్పను!"

సోమన్న కపాలాన్ని వేలితో తాకాడు. నాగక్క చేతులు ఆమె గొంతునే పట్టుకున్నాయి. గోళ్లు చర్మంలోకి దిగాయి... నెత్తురు ధారగా కారింది! దేవేంద్రప్ప పరుగున పోయి ఆ చేతులను లాగాడు. ఎద్దులను లొంగదీసే చేతులు ఆమె చిటికెన వేలిని కూడా కదల్చలేకపోయాయి! ఆమె కళ్లు తేలిపోతున్నాయి...

"భీమమ్మతో సహా... ఈ కారు... నీకు అమ్మినా" అన్నాడు దేవేంద్రప్ప ఏడుస్తూ.

రూపాయి బిళ్ల అతని కాళ్ల దగ్గర పడింది. నాగక్క కుప్పకూలింది. కారులోంచి ఒక దీర్ఘమైన నిట్టూర్పు వినిపించింది... "అన్నా!"

చెల్లెలి గొంతు! దేవేంద్రప్ప చెవులు మూసుకున్నాడు.

సోమన్న వికటాట్టహాసం చేస్తూ కపాలాన్ని ఒళ్లో పెట్టుకుని వెనుక సీటులో కూర్చున్నాడు. "భీమమ్మా! బంధయామి!" అని మంత్రం అందుకున్నాడు. మూడోసారి పలుకుతుండగా...

క్యార్‌మంది ఓ పసిబిడ్డ!

కారు తలుపులన్నీ ధడాలున మూసుకున్నాయి. సోమన్న ముఖం పాలిపోయింది. తల్లిని పేరు పెట్టి కట్టాడు... కడుపులోని బిడ్డ సంగతే వాడు తలచలేదు! భూమ్మీద పడని ఆ శిశువుకు పేరే లేదు. పేరు లేని ప్రాణాన్ని ఏ మంత్రం కట్టగలదు?

"తలుపు తీయప్పా! నీ కారు నీకే ఇస్తా! రెండున్నర వేలిస్తా... పదివేలిస్తా! ఉండే దుడ్లన్నీ ఇస్తా, తీయప్పా!"

దేవేంద్రప్ప పిడి పట్టుకుని లాగాడు. తలుపు ఇసుమంతైనా కదలలేదు. అద్దాలు పొగచూరాయి. లోపల కపాలం ఫటాలున పగిలింది! సోమన్న ఆర్తనాదం సన్నబడి... సన్నబడి... ఆగిపోయింది.

తలుపు దానంతటదే తెరుచుకుంది. సీటులో సోమన్న కొయ్యబారి ఉన్నాడు. వాడి మెడ చుట్టూ చిట్టి చిట్టి వేళ్ల గుర్తులు... నిప్పుతో కాల్చినట్టు!

"భీమమ్మా..." అని పిలిచాడు దేవేంద్రప్ప. "తప్పయిపోయినాది తల్లీ..."

మంత్రం తెగిన క్షణంలోనే ఆమె వెళ్లిపోయింది. కానీ ఏడుపు మాత్రం ఆగలేదు. తల్లి కోసం వెతుక్కునే ఆ లేత ఏడుపు సీటు మూల నుంచి వస్తూనే ఉంది.

వెనుక నాగక్క మూలుగుతూ కళ్లు తెరిచింది. "యాడో పసిబిడ్డ ఏడుస్తాండాది... యవరి బిడ్డ?"

దేవేంద్రప్ప సీటు ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఊరుకోబెడదామని చేతులు చాచాడు. నోరు తెరిచాడు... ఏమని పిలవాలో అతనికి తెలియలేదు.