కొత్త కార్బురేటర్ ఎవరు పంపారు?

"ఆ పడవ పోయిన వారంలో రెండుసార్లు నడినీటిలో ఆగిపోయింది. రెండుసార్లూ అందులో సరంగు తప్ప ఎవరూ లేరు. ఈరోజు డాక్టర్ ఉంటాడు."

చీఫ్ అంతవరకే చెప్పి ఫైలు మూసేశాడు. ఏజెంట్ ఫోర్టీన్ నిలబడే ఉన్నాడు. ఆ గదిలో రెండో కుర్చీ లేదు.

"డాక్టర్ అంటే, విదేశీ ముఠా నుంచి పారిపోయి వచ్చిన కెమిస్టేనా సార్?"

"ఆయనే. వాళ్ళ ఏజెంట్లు ఇక్కడ ఎందరున్నారో, ఎక్కడున్నారో అంతా ఆయన బుర్రలోనే ఉంది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. పదకొండింటికి అవతలి ఒడ్డున విచారణ. ఆయన చేరకపోతే ఆ పేర్లూ చేరవు."

"వేరే పడవ పెడితే?"

"డాక్టర్ బతుకుతాడు. మనలో ఉన్న ద్రోహి కూడా బతుకుతాడు. ఈ ప్రయాణం సంగతి తెలిసింది ఇద్దరికే. పడవ నడిపే సరంగు. డాక్టర్‌ను తీసుకొచ్చే మేడమ్. ఇద్దరిలో ఎవరో పదింటిలోపు తేల్చు."

"నన్నే ఎందుకు పంపుతున్నారు సార్?"

"మీ నాన్న పడవ ఇంజన్లు బాగుచేసేవాడని అప్లికేషన్లో రాశావు. మిగతావాళ్ళంతా ఈత వచ్చని రాశారు."

ఎనిమిదింటికల్లా ఫోర్టీన్ జెట్టీ మీద ఉన్నాడు. నూనె మరకల ఓవరాల్, గుబురు మీసం, చేతిలో టూల్‌బాక్స్. అందులో స్పానర్లతోపాటు కడ్డీకి బిగించిన చిన్న అద్దం, పెన్ను టార్చి, అతికించిన మీసాన్ని ఊడదీసే ద్రావణం సీసా ఉన్నాయి.

టికెట్ల గది నీడలో ఒకామె నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్, ఎత్తు మడమల చెప్పులు.

"ఈ గాలికి చేపలు పడతాయంటారా?" అన్నాడు ఫోర్టీన్.

"ఓపికుంటే పడతాయి." కోడ్ సరిపోయింది. ముఠాలో ఉంటూ మన కోసం పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆఫీసులో అందరూ మేడమ్ అనే పిలుస్తారు.

"సరంగు మీద కన్నేసి ఉంచండి," అంది గొంతు తగ్గించి. "ఆ ఇంజన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఎందుకో మీరే ఆలోచించండి. పదింటికి డాక్టర్‌తో వస్తాను. ఆయన్ని ఎక్కించి నేను వెళ్ళిపోతాను."

ఆమె చెప్పింది నిజమే. సరంగు ఇంజన్ మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎవరు నువ్వు?"

"ఆఫీసు పంపిన మెకానిక్‌ని బాబాయ్."

"బాగుంది. మొన్న మంగళవారం ఒకడు, ఈరోజు ఒకడు. నలభై ఏళ్ళనుంచి నేనొక్కణ్ణే చూసుకుంటున్నా. ఈ ఇంజన్ నా పెళ్ళికంటే రెండేళ్ళు పెద్దది, తెలుసా? మా ఆవిడ మాట వినకపోయినా దీని మాట వింటా."

"మంగళవారం వచ్చినవాడు ఏం చేశాడు?"

"కొత్త కార్బురేటర్ వేశాడు. తళతళలాడుతోంది, పెళ్ళికొడుకులా. ఆ తర్వాత ఇంజన్ ఇంకా తిప్పలేదు. ఎవరు పంపారని అడిగితే 'పైనుంచి' అన్నాడు. పైనుంచి వర్షం తప్ప మంచిదేదీ పడగా చూళ్ళేదు."

ఫోర్టీన్ నవ్వలేదు. ఇంత మాటకారితనం వెనక ఏమైనా దాస్తున్నాడా? బలవంతంగా మూత తీయించి లోపలికి దిగాడు. పెట్రోలు వాసన గుప్పుమంది.

ఇంజన్‌కి పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్ వెనక్కి కడ్డీ అద్దాన్ని పోనిచ్చి టార్చి వేశాడు. కొత్తదే. కానీ గాలి గొట్టం నిటారుగా పైకి లేచి ఉంది. పడవ కార్బురేటర్‌కి ఆ గొట్టం లోపలికి వంగి ఉంటుంది. పెట్రోలు పొంగినా తిరిగి ఇంజన్లోకే పోతుంది. ఇది కారుది. కారులో పొంగిన పెట్రోలు రోడ్డు మీద పడి ఆరిపోతుంది. పడవలో పోవడానికి దారుండదు. దాని ఆవిరి గాలికంటే బరువు. అడుగున నీళ్ళలా పేరుకుంటుంది.

పై మూత విప్పాడు. పెట్రోలు మట్టం చూసి ఆపే ఫ్లోట్‌ను కావాలనే ఎత్తుగా వంచారు, పెట్రోలు ఆగకుండా కారాలని. దాని పైన ఉండే, మంటను బయటికి రానివ్వని ఫ్లేమ్ అరెస్టర్ డబ్బా బయటికి బాగానే ఉంది. లోపల జాలీ లేదు. ఇంజన్ ఒక్కసారి వెనక్కి తంతే మంట నేరుగా బయటికొస్తుంది. ఇక చివరిది, ఆవిరిని బయటికి లాగే బ్లోయర్. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, చప్పుడూ వస్తుంది. కానీ అడుగుకు వెళ్ళాల్సిన గొట్టాన్ని ఊడదీసి పైకి తిప్పి కట్టారు.

ప్రయాణానికి ముందు సరంగు బ్లోయర్ వేసి, బయటి రంధ్రం దగ్గర ముక్కు పెట్టి, వాసన పోయాకే తాళం తిప్పుతాడని ఫైల్లో ఉంది. ఈ అలవాటు తెలిసినవాడే ఇది చేశాడు. లేదా ఆ అలవాటున్నవాడే చేయించాడు.

"పాత కార్బురేటర్ ఏం చేశావు బాబాయ్?"

సరంగు బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. గుడ్డలో చుట్టిన పాత కార్బురేటర్, జాలీతో సహా. "పారెయ్యమన్నాడు. చేతులు రాలేదు."

సాక్ష్యం ఇంత సులువుగా ఇచ్చేవాడు అమాయకుడైనా అయ్యుండాలి, మహా ముదురైనా అయ్యుండాలి. ఫోర్టీన్ అతన్ని శుభ్రమైన పెట్రోలు తెమ్మని ఊళ్ళోకి పంపాడు.

ఒంటరిగా ఉండగానే పాతది విప్పాడు. ఇంజన్ ఎందుకు ఆగిందో పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రంలో, మెయిన్ జెట్‌లో కనబడింది. నిలవ పెట్రోలు గోధుమరంగు పొరలా పేరుకుంటుంది. ఇది తెల్లగా, గట్టిగా ఉంది. ఎవరో పెట్టిన జిగురు చుక్క. కొత్తది బిగించడానికి సాకు కావాలిగా మరి! తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై జెట్ పాడవుతుంది. మీసం ద్రావణంలో నానబెట్టాడు. జిగురు జిగురే. పావుగంటలో కరిగింది. నోటితో ఊది వెలుతురుకి ఎత్తి చూస్తే సూది మొనంత ఆకాశం కనబడింది.

నీడిల్ తుడిచాడు, ఫ్లోట్ మట్టం సరిచూశాడు, అట్టముక్కతో గ్యాస్కెట్ కత్తిరించాడు. పాత కార్బురేటర్ బిగించి, అడుగంతా గుడ్డతో ఒత్తి, బ్లోయర్ గొట్టం యథాస్థానంలో పెట్టి, ఆవిరంతా పోయేదాకా తిప్పాడు. కొత్తదాన్ని టూల్‌బాక్స్ అడుగున దాచాడు. సరంగు తిరిగొచ్చేసరికి ఇంజన్ మీద మూత ఉంది.

"కొత్తదే ఉంచావా?"

"కొత్తదే," అన్నాడు ఫోర్టీన్, కళ్ళు అతని ముఖం మీదే పెట్టి. సరంగు పెదవి విరిచాడు. అంతే.

సరిగ్గా పదింటికి మేడమ్ వచ్చింది, పక్కన బక్కపలచని డాక్టర్.

"అంతా సిద్ధమేగా? ఇక నేను వెళ్తాను."

"లేదు మేడమ్. చీఫ్ ఆర్డర్ మారింది. అవతల డాక్టర్‌గారిని మీరే అప్పగించాలట."

మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంది. "నాతో అనలేదే?"

"ఇప్పుడే అన్నారు. ఇంజన్లో ఏదైనా తేడా ఉందనుకుంటున్నారా?"

"నాకు ఇంజన్ల గురించి ఏం తెలుసు?" ఆమె నవ్వి పడవెక్కింది. ఇంజన్‌కి దూరంగా, ముందు కొనన కూర్చుంది. ఫోర్టీన్ ఇంజన్ మూత మీదే కూర్చున్నాడు. ఒక్క నట్టు వదులుగా మిగిలినా మొదట పోయేది తనే.

సరంగు బ్లోయర్ వేసి రంధ్రం దగ్గర ముక్కు పెట్టాడు. నిదానంగా తల ఊపాడు. తాళం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణకలేదు.

"ఆగండి! నా పర్సు ఒడ్డున..."

"మీ ఒళ్ళోనే ఉంది మేడమ్. కానివ్వు బాబాయ్."

తాళం తిరగబోయింది. దబ్బుమని నీళ్ళు చిందాయి. పట్టు స్కార్ఫ్ అల మీద తేలింది. అదే క్షణంలో ఇంజన్ అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు. ఒకే తీరున టకటకలాడుతోంది.

ఫోర్టీన్ తాడు కట్టిన లైఫ్‌బాయ్ నీళ్ళలోకి విసిరాడు. జెట్టీ మీద గాలాలు వేసుకుని కూర్చున్న ఇద్దరు మనుషులు గాలాలు పక్కనపెట్టి తాడు అందుకున్నారు. చీఫ్ పంపినవాళ్ళు.

డాక్టర్ పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి తొంగిచూశాడు. "ఆమె... ఎందుకు దూకింది?"

"ఈ ఇంజన్ మీద నమ్మకం లేక, సార్."

సరంగు వెనక్కి కూడా చూడకుండా చుక్కాని తిప్పాడు. "నలభై ఏళ్ళలో దీన్ని ఇంత మాట అన్నవాళ్ళు లేరు!"