మైనపు మణికట్టు

"మెట్టు మీద జారితే పట్టుకోమన్నానా, పిసికేయమన్నానా? ఏం మనిషండీ మీరు!"

గాజు కొలిమి గుమ్మంలో నిలబడి, కొవ్వొత్తులవాళ్ళ అమ్మాయి మణికట్టు చూపించింది. నిన్నటి అయిదు వేళ్ళ గుర్తులూ అక్కడ గుంటలు పడి ఉన్నాయి.

గాజు ఊదే యువకుడు ఊదుగొట్టం పక్కన పెట్టాడు. "సారీ అండీ. మెత్తగానే పట్టుకున్నాను, ఒట్టు! నొప్పిగా ఉందా?"

"లేదు."

అన్నాక ఆమెకి భయమేసింది. నొప్పి లేకపోవడమే తనని ఇంతదూరం తరుముకొచ్చిందని అప్పుడు తెలిసింది.

"లోపలికి రండి, చూస్తాను."

"నాకు వేడి పడదు. నిప్పు దగ్గరికి పోనని నాన్న ఒట్టేయించుకున్నాడు."

"కొవ్వొత్తుల ఇంట్లో పుట్టి నిప్పు పడదా? చేపకి నీళ్ళు పడవన్నట్టుంది!"

నవ్వు ఆపుకోలేక ఒక్క అడుగు లోపలికి వేసింది. అతని నవ్వు మాత్రం ఆగిపోయింది. కొలిమి వైపున్న ఆమె చెంప మెరిసింది. ఒక బొట్టు జారి, గడ్డం దగ్గర గట్టిపడింది.

"వెనక్కి... మెల్లగా," అన్నాడు.

ఆమె ఇంటికి పరుగెత్తింది.

"నాన్నా, నేనెవర్ని?"

ఒత్తులు కత్తిరిస్తున్న తండ్రి ఆమె చెంప మీది చార చూశాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

"మా పాప మూడో ఏట పోయింది. మీ అమ్మ ఏడుపు చూడలేకపోయాను. నాకొచ్చిన పని ఇదొక్కటే కదమ్మా. ఏటా నువ్వు నిద్రపోయాక ఇంకో మైనపు పూత వేసేవాణ్ణి. అలా ఎదిగావు."

"లోపల ఒత్తి?"

"మీ అమ్మ జడ."

తలుపు చాటున తల్లి తన పొట్టిజుట్టు తడుముకుంది.

"ఆ చెయ్యి ఇలా తే, గుంటలు సరిచేస్తాను," అంటూ తండ్రి బొటనవేలు చాపాడు. చిన్నప్పటినుంచీ తన ప్రతి గాయాన్నీ అదే వేలు మాయం చేసింది.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దు. నాలో నువ్వు చెయ్యనిది ఇదొక్కటే. ఇది పోయిన పాపది కాదు, నాది."

గుమ్మంలో అలికిడయింది. కొలిమి మనిషి ఒగరుస్తూ నిలబడ్డాడు.

"అక్కడే ఆగు బాబూ," అన్నాడు తండ్రి. "నీ చేతులు మా పిల్లకి గండం."

"కొలిమి మానేస్తానండీ," అన్నాడతను, ఆమెనే చూస్తూ.

"మీరు చూసింది చూశాక కూడానా?" అందామె.

"చూశాకే."

ఆమె మణికట్టు మీది గుంటల్ని వేలితో తడిమింది.

"పని మానకండి," అందామె చివరికి. "చల్లారాక రండి, చాలు."

తండ్రి గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. బకెట్ నిండా చన్నీళ్ళు తెచ్చి, గుమ్మంలో పెట్టాడు.