పదిహేడో సాక్షి

ముప్పయ్యో జ్ఞాపకానికీ పచ్చ దీపం వెలిగింది. ఇక మిగిలింది ఒకటే. సుహాసిని కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది.

నాలుగింటికల్లా ముప్పయ్యొక్క మంది సాక్షుల జ్ఞాపకాలనూ అతికించి ఉమ్మడిస్మృతి తయారు చేయాలి. దాన్ని అద్దాల గదిలో పడుకోబెట్టిన ముసలాయన తలలోకి ఎక్కించాలి. ఆపైన, లాంచీ మునిగిన రోజు తాను తప్పతాగి ఉన్నానని దాన్ని నడిపిన ఆ ముసలి సరంగు సత్తిబాబుకే గుర్తుంటుంది. ఇరవయ్యేళ్లు నడిచిన కేసులో శిక్ష ఇదీ. జైలు కన్నా దయగలదని స్మృతిశాఖ వాళ్ల నమ్మకం. నమ్మకాలకేం, బోలెడు.

"అమ్మా," మైకులో సత్తిబాబు గొంతు. "నేను తాగలేదని గుర్తున్నది నాకొక్కడికేనండి. అదీ తీసేత్తారా?"

ఆ లాంచీలో పోయిన తొమ్మిది మందిలో సుహాసిని తమ్ముడొకడు. ఈ మనిషిని తిట్టుకోని రోజు లేదు. తానూ ఆ లాంచీలో ఉన్నానని ఎవరికీ చెప్పకుండా, ఏరికోరి ఈ ఫైలు మీదికి డ్యూటీ మార్చుకుంది.

మిగిలిన పదిహేడో జ్ఞాపకం ఆమెదే. ఎనిమిదేళ్ల వయసులో ఇచ్చింది. ఫైల్లో పేర్లుండవు, అంకెలే.

నిబంధనల్లో లేకపోయినా దాని వాసనపొర విప్పింది. డీజిలు, తడి తాళ్లు, తమ్ముడి చేతిలో జామకాయ. సారా వాసన లేదు. తూలుతూ నడిచే సరంగు బొమ్మ మాత్రం ఉంది, దాని అంచున ఎర్రటి అరువుగీత. విన్న మాట జ్ఞాపకంగా మారిన చోట పడే గీత అది. దాని వెనక అమ్మ ఏడుపు గొంతు: "తాగున్నాడని చెప్పు తల్లీ. చూశానని చెప్పు."

మిగతా ముప్పయ్యీ గబగబా విప్పింది. ఎక్కడా సారా లేదు. ప్రతి జ్ఞాపకంలోనూ సరంగు, అంచున అదే అరువుగీతతో, ఒకేలా తూలుతున్నాడు, అప్పట్లో టీవీల్లో పదే పదే వేసిన ఎనిమిదేళ్ల తన సాక్ష్యంలో లాగే. సుహాసినికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏమ్మా, నాలుగవుతోంది. ఖరారు నొక్కవేం?" పర్యవేక్షకుడు రామశేషు వచ్చాడు.

"పదిహేడో సాక్షి మాట వెనక్కి తీసుకుంటోందండి."

"ఎవరావిడ? ఎక్కడుంది?"

"నేనేనండి."

రద్దు గుర్తు మీద బొటనవేలు ఆనించింది. దాని నుంచి అరువు తెచ్చుకున్నవే కాబట్టి, ముప్పయ్యి పచ్చ దీపాలూ ఒకదాని వెంట ఒకటి ఎర్రబడ్డాయి. ఇలాంటి అరువు జ్ఞాపకాలు ఎన్ని వేల తలల్లోకి ఎక్కించారో రామశేషుకు తెలుసు.

ఆమె మైకు దగ్గరికి వంగింది. "సత్తిబాబు గారూ, మీరు తాగడం నేను చూడలేదండి. చూశానని చెప్పాను."

మైకులో మళ్లీ సత్తిబాబు గొంతు.

"ఆ చిన్న పాపవా అమ్మా నువ్వు? మీ తమ్ముడు జామకాయ సగం కొరికి, సగం నాకిచ్చేడమ్మా. ఇంకా గుర్తే."