ఉప్పునీళ్ల గది

మంగళవారం ఉదయం ఏడూ పదికి ధనలక్ష్మి ప్రాణం పోయింది.

ఏడూ నలభైకి ఎస్సై సుప్రియ ఆ ఇంటి గడప ముందు బూట్లు విప్పుతోంది. ఇల్లు వనపర్తిలో, విత్తనాల డీలర్ శ్రవణ్ కుమార్‌ది. ధనలక్ష్మి ఆరేళ్లుగా అక్కడ పనిమనిషి.

హాలు పక్క గదిలో ఆరడుగుల ఉప్పునీటి అక్వేరియం. దాని ముందు బోర్లా పడి ఉంది ధనలక్ష్మి. చేతిలో తడిగుడ్డ. పక్కన దొర్లిన బకెట్. నేలంతా నీళ్లు. ఆ నీళ్లలో ఎక్స్‌టెన్షన్ బాక్స్.

"మెయిన్ బంద్ జేసిన్రా?" గది బయటే ఆగి అడిగింది సుప్రియ.

"లైన్‌మన్ వచ్చి ఫ్యూజులు పీకిండు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ అబ్దుల్ ఖాదర్.

అప్పుడు లోపలికి అడుగు పెట్టింది.

తొట్టిలో పసుపు చేపలు, నీలం చేపలు హాయిగా తిరుగుతున్నాయి. మూలన బ్యాటరీ పంపు బుడబుడమంటోంది. మనిషి పోయి గంట కాలేదు, చేపలకు గాలి ఏర్పాటు అప్పుడే అయిపోయింది. సుప్రియకు ఒళ్లు మండింది.

శ్రవణ్ కుమార్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. భార్య యమున వంటింటి తలుపు పట్టుకుని నేల చూస్తోంది.

"నీళ్లు ఎప్పుడు కారినయి?" శ్రవణ్ కుమార్‌ను అడిగింది సుప్రియ.

"పొద్దుగాలే మేడం. రాత్రి పదింటికి చూసిన. నేల పొడిగ ఉండె."

"అంతకు ముందు?"

"ఒక్క చుక్క కారలే. ఫిట్ చేసింది గద్వాల పోరడు, యాసర్. అద్దాలకు గమ్ము సక్కగ పెట్టలే. వాని మీద కేసు పెట్టండి."

"ధనలక్ష్మిని తుడవమన్నది ఎవరు?"

"ఎవరు జెప్పలే. చూసి తనే తుడవబోయినట్టుంది. బకెట్ పడ్డ సప్పుడుకు ఉరికొచ్చిన."

అబ్దుల్ ఖాదర్ పంచనామా రాస్తున్నాడు. తలుపు వెనక నీలం రంగు రబ్బరు చెప్పుల జత కనిపించింది.

"ఇవి ఎవరివి?"

"ధనలక్ష్మివే," అన్నాడు శ్రవణ్ కుమార్.

అబ్దుల్ ఖాదర్ అదే రాసుకున్నాడు. చెప్పులను సంచిలో వేసి చీటీ అంటించాడు.

మధ్యాహ్నానికల్లా యాసర్‌ను గద్వాల నుంచి పట్టుకొచ్చారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యాడని సెక్షన్ 106. వాళ్లమ్మ రజియాబీ వెంటే వచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. టీ తెచ్చి ఇచ్చినా ముట్టలేదు.

"నీ గమ్ము ఊడి ఒక మనిషి సచ్చిపోయింది," అంది సుప్రియ.

"ఫిట్ చేసి ఎనిమిది నెల్లాయె మేడం. గమ్ము ఒక్కసారే ఊడదు. ముందు చెమట లెక్క వస్తది. తర్వాత చుక్కలు. గట్ల ముదరనీకె దినాలు పడతది. ఒక్క ఫోన్ చేసుంటే ఆ పొద్దే వచ్చి కరెంటు తీపించి తొట్టి ఖాళీ చేస్తుంటి."

"దినాల సంది కారిందనేదానికి రుజువేంది?"

"నా కాడ ఏం రుజువుంటది మేడం?" అన్నాడు యాసర్.

సీఐ జయరాజు ఫోన్ చేశాడు. "రేపు పదకొండింటికి వాణ్ని కోర్టుల పెట్టాలె. నీ దగ్గర ఇంకేమన్న ఉంటే అంతలోపే చూసుకో."

బుధవారం ఉదయం ఎనిమిదింటికి సుప్రియ మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. ఈసారి లోపలికి పోలేదు. పెరడు చూసింది.

గోడ వెంట పన్నెండు కుండీలు. పదకొండు పచ్చగా ఉన్నాయి. కుళాయి పక్కనున్న కరివేపాకు మాత్రం ఆకు అంచులు మాడి తల వాల్చేసింది. మట్టి మీద తెల్లటి పొర పేరుకుంది. గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. ఉప్పు.

సుప్రియ రైతు బిడ్డ. చౌడు పట్టిన నేల ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తండ్రి పొలం చౌడుబారి, ఆయన ఆ గట్టు మీద కూర్చుని ఏడవడం చూసింది. నేల ఒక్క పూటలో చౌడుబారదు. ఈ కుండీలో ఎవరో రోజూ ఉప్పునీళ్లు పోశారు.

ఎనిమిదిన్నరకు ధనలక్ష్మి ఇంటికి వెళ్లింది. కూతురు పూజ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది. డిగ్రీ రెండో ఏడు.

"పూజా, మీ అమ్మ ఇల్లు తుడిసిన నీళ్లు ఏం జేస్తుండె?"

"చెట్టుకు పోస్తుండె మేడం. మా బస్తీల నల్లా మూడొద్దులకోసారి వస్తది. నీళ్లు పారబోయాలంటె అమ్మకు పానం ఒప్పకపోతుండె."

"ఈ నడుమ ఏమన్న చెప్పిందా?"

"చేపల తొట్టి కారుతుందని చెప్పింది. శుక్రవారం సంది దినాం తుడిసి తుడిసి చేతులు మంట పుడుతున్నయంది. సార్‌కు చెప్తే, వచ్చే ఆదివారం ఫంక్షన్ అయినంక చేయిస్త, అప్పటిదాంక తుడువు అన్నడంట."

సుప్రియ లేచింది. బయట బూట్లు తొడుక్కోబోతూ ఆగిపోయింది. బూట్ల పక్కన అరిగిన చెప్పుల జత. ఎడమ చెప్పు వారుకు పిన్నీసు.

"ఇవి?"

"అమ్మయి. నిన్న సార్ వాళ్ల గేటు బయట ఉండె. తెచ్చుకున్న."

"అమ్మకు ఇంకో జత ఉందా?"

"ఉంటే పిన్నీసు ఎందుకు పెట్టుకుంటది మేడం?"

సుప్రియ చేతిలోని బూటు కింద పెట్టింది. తన కాళ్ల వంక చూసుకుంది. నిన్న ఆ ఇంట్లోకి బూట్లు విప్పి వెళ్లింది. అబ్దుల్ ఖాదర్ విప్పాడు. ఫొటోగ్రాఫర్ కూడా విప్పాడు.

పది గంటలకు శ్రవణ్ కుమార్ హాలులో అందరూ ఉన్నారు. యాసర్‌ను జీపులో తెచ్చారు. పూజ గుమ్మం పక్కన నిలబడింది.

"నీళ్లు నిన్ననే కారినయని చెప్పిన్రు," సుప్రియ మొదలుపెట్టింది. "మీ కరివేపాకు కుండీ చౌడుబారింది. ధనలక్ష్మి శుక్రవారం సంది తుడిసిన నీళ్లు అండ్లనే పోసింది."

"అది చెప్పలేదు నాకు. పనిమనిషి ఏం తుడుస్తదో, ఏడ పోస్తదో నాకెట్ల తెలుస్తది?"

సుప్రియ సంచి విప్పి నీలం చెప్పులు నేల మీద పెట్టింది.

"తొడుక్కోండి."

"అవి నావి కావు."

"జర తొడుక్కోండి."

తొడుక్కున్నాడు. తొమ్మిదో నంబరు చెప్పులు. మడమ దగ్గర వేలెడు కూడా తేడా లేదు.

"అడుగు అంచు చూడు ఖాదర్ భాయ్. తెల్ల గీతలు ఎన్ని?"

"నాలుగు మేడం. ఒకదాని మీద ఒకటి."

"తడిసి ఆరినప్పుడల్లా ఒక ఉప్పు గీత. అంటే ఈ చెప్పులు ఆ నీళ్లల్ల నాలుగుసార్లు నడిసినయి." సుప్రియ అతని ముందుకు వచ్చింది. మర్యాద పక్కన పెట్టేసింది. "పోలీసోళ్లం, మేం కూడ గడప కాడ బూట్లు ఇడిసినం. నువ్వు నీ సొంత ఇంట్ల, ఆ ఒక్క గదిల చెప్పులేసుకొని తిరిగినవు. ఎందుకు?"

శ్రవణ్ కుమార్ చెప్పుల్లోంచి కాళ్లు తీసేశాడు.

"కరెంటు కొడుతుందని," వంటింటి వైపు నుంచి యమున గొంతు వినిపించింది.

"యమునా!" గద్దించాడు శ్రవణ్ కుమార్.

"శనివారం కాలికి జిల్లుమని తగిలింది మేడం. ఆ సాయంత్రమే చెప్పులు కొనుక్కొచ్చిండు. నన్నూ పాపనూ ఆ గదిలకు పోవద్దన్నడు."

"ధనలక్ష్మికి చెప్పిండా?"

యమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. "నేను గూడ చెప్పలే మేడం," అంది.

శ్రవణ్ కుమార్ సోఫాలో కూలబడ్డాడు. "కరెంటు తీస్తే మోటర్లు ఆగుతయి. బ్యాటరీ ఆరు గంటలే వస్తది. తొట్టి ఖాళీ చేస్తే సగం చేపలు సస్తయి. ఈ ఆదివారం పాప ఓణీల ఫంక్షన్. అందరికీ తొట్టి చూపిస్తనని చెప్పుకున్న. ఇంక ఐదు దినాలే గద అనుకున్న."

"ఆమెకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే తుడవనంటదని..."

పక్క గదిలో కొత్త బ్యాటరీ పెట్టిన పంపు బుడబుడమంటూనే ఉంది.

సుప్రియ సీఐకి ఫోన్ చేసింది. "యాసర్‌ను ఇడిసిపెడుతున్నం సార్. కేసు 105కు మార్పిస్తున్న. నిందితుడు శ్రవణ్ కుమార్. సచ్చిపోతదని తెలిసే పంపిండు." యాసర్ గోడకు చేరబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. స్టేషన్ మెట్ల మీద వాళ్లమ్మ ఇంకా కూర్చునే ఉంటుంది.

అబ్దుల్ ఖాదర్ శ్రవణ్ కుమార్ భుజం పట్టుకుని లేపాడు. గుమ్మం దగ్గర పూజ అడ్డం వచ్చింది. అరుస్తుందేమో, కొడుతుందేమో అని అందరూ చూశారు.

"చెప్పినా తుడుస్తుండె సార్," అంది మెల్లగా. "మా అమ్మ పని ఎగ్గొట్టే మనిషి కాదు. జర చెప్పులేసుకొని తుడుస్తుండె."

అబ్దుల్ ఖాదర్ అతన్ని జీపు ఎక్కించాడు.

పూజ గడప దిగింది. మెట్టు పక్కన విడిచిన అమ్మ చెప్పులు తొడుక్కుంది. ఎడమ కాలి పిన్నీసు ఊడితే, వంగి మళ్లీ పెట్టుకుంది.