పడిపోతున్నప్పుడు చూసిందెవరు?

మధ్యాహ్నం ఓపీ అయిపోవచ్చింది. గదిలో ఫినాయిల్ వాసన, ఫ్యాను కీచుమనే చప్పుడు. చివరి పేషెంటు ఒక లారీ డ్రైవరు. పొద్దున సరుకు దింపుతూ కళ్లు తిరిగి పడిపోయాడట. ఒక్కడే వచ్చాడు.

డాక్టరుకి ఇది చేయి తిరిగిన పని. పడే ముందు ఏమైంది, ఎంతసేపు తెలివి లేదు, నాలుక కరుచుకున్నావా అని గబగబా అడుగుతూ రాసుకుపోతున్నాడు. డ్రైవరు అన్నిటికీ తెలియదనే అన్నాడు.

"పడిపోతుంటే చూసినవాళ్లున్నారా?"

"ఒకావిడ నా తల ఒళ్లో పెట్టుకుందండి. మీకేం చెప్పాలో ఆవిడే చెప్పి పంపింది."

చెప్పమన్నాడు డాక్టరు, తలెత్తకుండానే.

డ్రైవరు పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. మెట్లెక్కుతూ రెండుసార్లు పడిందట. పెదాలు నీలంగా మారాయట. వాళ్ల నాన్న కూడా చిన్న వయసులోనే నిద్రలో పోయాడట.

"పడిందేంటి? పడింది నువ్వు కదా?"

"ఆవిడ అలాగే చెప్పమందండి."

డాక్టరు కలం ఆగిపోయింది.

మూడేళ్ల కిందట అదే కుర్చీలో, బట్టలు కుట్టి బతికే ఒకమ్మాయి కూర్చుంది. వెంట వచ్చిన చెల్లెలు ఏదో చెప్పబోతే, నిన్నడగలేదు, నోరు మూసుకోమన్నాడు. నీరసమని రాసి, బలానికి మందులిచ్చి పంపేశాడు. తెల్లారేసరికి ఆ పిల్ల గుండె ఆగింది. గుండె పరీక్షకి రమ్మన్నా ఆ పిల్లే ఒప్పుకోలేదని కేస్ షీటు మార్చి రాసి, చేతులు దులుపుకున్నాడు. శవం పక్కన ఏడుస్తూ ఆ చెల్లెలు చెప్పిన మాటలే ఇవి. అక్షరం పొల్లుపోలేదు.

"ఎవరు... ఆవిడ?"

"నేనూ అడిగానండి. డాక్టరుగారికి తెలుసులే అంది." డ్రైవరు గొంతు తగ్గించాడు. "ఈసారి దిద్దకుండా రాయమంది..."

డాక్టరు లేవబోయాడు. చెవుల్లో హోరు... కళ్లముందు చీకటి... పడుతున్న తల కింద ఎవరిదో ఒడి. మంచుగడ్డలా ఉంది.

కళ్లు తెరిచేసరికి బల్లమీద ఉన్నాడు. డ్రైవరు గోడకి కరుచుకుపోయి నిలబడ్డాడు. నర్సమ్మ డాక్టరు చేయి పట్టుకుని నాడి చూస్తోంది. చూస్తూ చూస్తూ నొసలు చిట్లించి, రెండో చేయి కూడా అందుకుంది.

"సార్..." అంది గుసగుసగా. "ఒక్కో చేతిలో ఒక్కోలా కొట్టుకుంటోంది."

కుడిచేతిది గుర్రంలా పరిగెడుతోంది. ఎడమచేతిది మాత్రం తాపీగా, దెబ్బకీ దెబ్బకీ ఎడం పెంచుకుంటూ... తెల్లారేలోగా ఆగితే చాలు, తొందరేమీ లేనట్టు.